జిలానీ భాయి భయం, ఒక మెట్టు ఎక్కువ

"గింత పిరికోనివి, ముప్పై ఏండ్లు కరెంటు పోల్లు ఎట్లెక్కినవ్ జిలానీ భాయ్?"

ఎల్లారెడ్డి బస్టాండు ముందు టీ హోటల్ నడిపే పర్శరాములు ఒకసారి పదిమందిలో ఈ మాట అడిగేశాడు. ఇంకొకరైతే గ్లాసు బల్ల మీద కొట్టి లేచిపోయేవారు. జిలానీ భాయి గర్వపడ్డాడు.

"అప్పుడు కరెంటు బయట ఉండె పర్శరాములూ. ఇప్పుడు లోపలున్నది," అని ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకుని, హోటలంతా ఒకసారి కలియజూశాడు, దీనికి సాటి వచ్చేవాడు ఎవడైనా ఉన్నాడా అన్నట్టు.

మనుషులు పొలాల గురించి, పిల్లల ర్యాంకుల గురించి గొప్పలు చెప్పుకుంటారు. రిటైరైన లైన్‌మన్ జిలానీ భాయి తన పిరికితనం గురించి గొప్పలు చెప్పుకునేవాడు. ఎదుటివాడు ఎంత భయపడినా సరే, తన భయం అంతకన్నా ఒక మెట్టు ఎక్కువ ఉండి తీరాలి. అదొక్కటే ఆయన పిచ్చి. పోయిన వానాకాలం ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు ఆ హోటల్లో ఎవరూ ఎవరి భయమూ అడగడం లేదు. టీ తాగి బిల్లు కట్టి పోతున్నారు.

ఆ లోపలున్న కరెంటు సంగతి ముందు చెప్పాలి. గుండె ఉన్నట్టుండి తాళం తప్పి పిచ్చిగా కొట్టుకునే జబ్బు ఆయనది. కామారెడ్డి మార్కెట్లో వంకాయలు బేరం చేస్తూ చేస్తూ కుప్పకూలితే హైదరాబాదు తీసుకుపోయారు. అక్కడ ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద మిషన్ పెట్టి పంపారు. దానికి డాక్టర్లు పెట్టిన పేరు చాలా పొడుగు. మా వైపు అందరూ డబ్బీ అంటారు. గుండె మళ్లీ తప్పటడుగు వేస్తే డబ్బీ లోపల్నుంచే ఒక షాక్ కొట్టి దారికి తెస్తుంది. మనిషి బతుకుతాడు. చిక్కల్లా అది ఎప్పుడు కొడుతుందో తెలియకపోవడమే. కొడితే గాడిద వచ్చి రొమ్ము మీద తన్నినట్టుంటుందని తన్నులు తిన్నవాళ్లు చెబుతారు. అందుకని డబ్బీ పెట్టుకున్న చాలామందిలో గుండె కుదురుకున్నా భయం కుదురుకోదు.

ఆ భయం ఎంత ఉందో కొలవాలని హైదరాబాదు ఆసుపత్రి ప్రొఫెసర్ ఒకాయన పరిశోధన మొదలుపెట్టాడు. ప్రశ్నల ఫారం ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగు చేయడానికీ, కామారెడ్డి నుంచి పిట్లం దాకా డబ్బీ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగి రావడానికీ కామారెడ్డిలో తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను పట్టుకున్నారు. ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి ఐదు దాకా జవాబు. ఒకటి అంటే భయం అసలు లేదు. ఐదు అంటే విపరీతం. మూడుకు నేను ఎంతో ఆలోచించి 'మధ్యస్థం' అని రాశాను.

"మధ్యస్థం అంటే ఏంది బేటీ?" అన్నాడు జిలానీ భాయి మొదటి రోజే. "భయంల గట్లాంటిది ఉంటదా?"

"అంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు చాచా."

"గట్ల చెప్తే మన రైతులకు ఎక్కదు. నేను చెప్త రాసుకో. టార్చి సెల్లు, ఇంటి లైను, మోటరు లైను, లెవెన్ కేవీ, థర్టీత్రీ కేవీ. ఐదైనయా?"

ఐదయ్యాయి. వారం తిరిగేసరికి ఎల్లారెడ్డి బస్టాండులో భయాలన్నీ ఈ లెక్కలోకి వచ్చేశాయి. పరీక్ష రాసే పిల్లలు మోటరు లైను మీద ఉండేవారు. బ్యాంకు నోటీసు వచ్చినవాళ్లు లెవెన్ కేవీ. ఎవరైనా థర్టీత్రీ అన్నారంటే జిలానీ భాయి ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "నాది టవర్ లైను" అనేవాడు.

ప్రొఫెసర్‌కు ఫోన్లో చెబితే ఆయన నవ్వలేదు. "టవర్ లైను అంటే ఆరా? ఐదు దాటి కొలత లేదమ్మా," అన్నాడు. నిజమే. పై మెట్టు రోజుకోచోటికి జరిగే కొలత కొలత కాదు. ఆ మాట జిలానీ భాయికి చెప్పాను. "సారుకు భయమైనట్టున్నది. ఎంతంట?" అని అడిగాడు.

గుండె జబ్బు మనిషికి మన దగ్గర పుష్కలంగా దొరికేది ధైర్యం. మందులకు డబ్బులివ్వనివాళ్లు కూడా ధైర్యం మాత్రం ఇచ్చిపోతారు. మనసు గట్టిగా ఉంచుకో అంటారు, పైవాడున్నాడంటారు, అంతా మన మంచికే అంటారు. చెప్పినవాడు తేలికపడి ఇంటికి పోతాడు. విన్నవాడికి భయానికి తోడు సిగ్గు కూడా పట్టుకుంటుంది. జిలానీ భాయి జన్మలో ఎవరికీ ధైర్యం చెప్పలేదు. ఆ విషయంలో మా జిల్లా మొత్తం మీద నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే.

పర్శరాములును కుక్క కరిచింది. సూదంటే భయపడి హోటల్ వెనక గ్యాస్ సిలిండర్ల మధ్య దాక్కున్నాడు.

"ఎంత?" అన్నాడు జిలానీ భాయి.

"లెవెన్ కేవీ భాయ్. నన్నిడిసిపెట్టు."

"నాది థర్టీత్రీ. నీకు ఎయ్యవోయే సూదిని తలుచుకుంటేనే నాకు కాళ్లు వణుకుతున్నయి. నడువు, తోడుగ రా."

ఎవరికి ఎవరు తోడో తేలకుండానే ఇద్దరూ ఆసుపత్రి చేరారు. నర్సు సూది పైకెత్తగానే జిలానీ భాయి పెట్టిన కేకకు పక్క గదిలో ప్రసవానికి వచ్చినామె నొప్పులు మరిచిపోయిందట. "కుక్క ఎవరిని కరిచింది?" అని నర్సు గద్దించి ఆయన్ను బయటికి తోసేలోపు పర్శరాములు సూది అయిపోయింది. ఈ మనిషిని మళ్లీ తేవద్దని నర్సు గట్టిగా చెప్పింది. మిగిలిన సూదులన్నిటికీ పర్శరాములు ఆయన్నే తీసుకుపోయాడు.

కామారెడ్డి బట్టల షోరూంలో గుమ్మం దగ్గర దొంగలను పట్టే గేటు ఉంటుంది. ఆగకుండా నడిచిపోతే ఏమీ కాదని డాక్టరు చెప్పే ఉన్నాడు. అయినా జిలానీ భాయి లోపలికి రానన్నాడు. ఫుట్‌పాత్ మీద కుర్చీ వేయించుకుని కూర్చుంటే, షోరూం వాళ్లు రంజాన్ బట్టలన్నీ బయటికే తెచ్చి పరిచారు. చల్లటి డ్రింకు కూడా ఇచ్చారు.

"చూసినవా బేటీ," అన్నాడు వెంట వెళ్లిన నాతో. "భయపడేటోనికి మర్యాద ఎక్కువ."

"రోడ్డు మీద బట్టలు కొనుక్కునే గతి పట్టించిండు నాకు," అంది ఆయన భార్య నజ్మా చాచీ.

ఇక ఫారం నింపిన రోజు. నేను చాప మీద, ఆయన కుర్చీలో, నజ్మా చాచీ వంటింట్లో.

"డబ్బీ కొడుతుందేమోనని కోపం తెచ్చుకోవడం తగ్గించారా చాచా?"

"మొత్తం బంద్ చేసిన. ఐదు రాసుకో."

"పొద్దుగాల పాలాయనతోని కొట్లాడుతుంటే ఇద్దరొచ్చి ఇడిపించిండ్రు," అని వంటింట్లోంచి గొంతు. "ఒకటి రాయి బేటీ."

"అది కొట్లాట కాదు, పాల గురించి మాట్లాడుకున్నం."

"బరువులెత్తాలంటే భయమా?"

"ఐదు."

"నిన్న సిలిండర్ ఎవలు మోసిండ్రు?"

"ఖాళీది బేగం."

"నిండుది బేటీ. ఒకటి రాయి."

ప్రశ్న ఏదైనా ఆయన ఐదే అన్నాడు, ఆమె ఒకటే అంది. "ఒక్కదానికైనా నాలుగు పెట్టనా చాచా?" అని బతిమాలాను. "నాలుగంటే ఇజ్జత్ పోతది బేటీ," అన్నాడు. ఫారం ఆయనది కాబట్టి ఐదులే పెట్టాను.

ఆ రోజుల్లోనే హర్యా సంగతి వచ్చిపడింది.

హర్యాది ఎల్లారెడ్డి అవతల తాండా. నలభై నిండని రైతు. ఆయనకూ డబ్బీ ఉంది. పొలంలో మోటరు స్టార్టర్ నొక్కబోతుండగా గుండె తాళం తప్పింది, డబ్బీ కొట్టింది, బురదలో పడ్డాడు. అది కొట్టబట్టే మళ్లీ లేచాడు. నా ఫారంలో మాత్రం అన్నిటికీ ఒకటి పెట్టించాడు. "నాకేం భయం లేదు మేడం," అన్నాడు గోడ వైపు చూస్తూ.

వాకిట్లోకి వచ్చాక ఆయన భార్య దుర్గి నా చెయ్యి పట్టుకుంది.

"ఉత్తదే మేడం. అప్పటిసంది పిల్లను ముట్టుకుంటలేడు. అది బాపూ అని ఉరికొస్తే లేసి బయటికి పోతుండు. సోమారం పట్నం పోయి డబ్బీ తీసేయించుకుంట అంటుండు."

డాక్టరుకు ఫోన్ చేశాను. "తీసేస్తే, ఈసారి గుండె ఆగినప్పుడు లేపేది ఉండదు," అన్నాడు. సోమవారం ఇంకెంతో దూరం లేదు. తాండా పెద్దలు వచ్చి ధైర్యం చెప్పారు. బావమరిది వచ్చి "మొగోనివి కావా?" అన్నాడు. నేను గుండె పనిచేసే తీరు మీద చక్కటి తెలుగులో ఉపన్యాసం ఇచ్చాను. హర్యా అంతా ఓపిగ్గా విని, "భయం కాదు మేడం, దురద పెడ్తుంది. అందుకే తీపిస్తున్న," అన్నాడు.

జిలానీ భాయికి చెబితే, "వాని భయమెంత?" అని అడిగాడు.

"అన్నిటికీ ఒకటే అంటున్నాడు."

జిలానీ భాయి చేతిలో ఉన్న టీ తాగకుండా కింద పెట్టాడు. "అన్నిటికీ ఒకటా? వాడు టవర్ లైను మీదున్నడు బేటీ. ఆటోను పిలువు."

తాండాలో ఆటో దిగీ దిగగానే నాటకం మొదలైంది. ట్రాన్స్‌ఫారం పక్కనుంచి దారి ఉంటే, దానికి దూరంగా మక్క చేనులోంచి నడిచి, ఒంటినిండా పుప్పొడితో హర్యా ఇంటికి చేరాడు. నులక మంచం మీద కూలబడి నీళ్లడిగాడు.

"ఏమైంది భాయ్?" అన్నాడు హర్యా.

"ట్రాన్స్‌ఫారం నా దిక్కు చూసింది."

హర్యా నీళ్ల చెంబు తెచ్చి మంచం మీద పెట్టాడు.

"నీకెంత భయం హర్యా?"

"నాకేం భయం లేదు."

"నసీబున్నోనివి. నాది టవర్ లైను. మిక్సీ అంటే భయం. మా ఇంటామె గాజులు గలగలమంటే భయం. మొన్న మ్యాక ఒకటి నా ముందటికొచ్చి నిలబడ్డది. దాని కొమ్ములు అచ్చం యాంటెన్నా లెక్క ఉన్నయి. సిగ్నల్ పట్టి డబ్బీకి పంపుతదేమోనని వాడకట్టు దాటేదాంక ఉరికిన."

"మ్యాకకు భయపడ్డవా?"

"మ్యాక కూడ భయపడ్డది. నాదే ఒక మెట్టు ఎక్కువ."

హర్యా నవ్వాడు. లోపల రొట్టెలు చేస్తున్న దుర్గి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ నవ్వు విని చాలా రోజులైనట్టుంది.

"వానల పోలెక్కి మా తాండాకు లైనిచ్చినోనివి," అన్నాడు హర్యా. "నువ్వే గింత భయపడ్తున్నవా?"

"నువ్వు భయపడకుంటే చాలు. నాలెక్క కావద్దు."

హర్యా చాలాసేపు మంచం నులక గోటితో గీకుతూ కూర్చున్నాడు. తర్వాత చిన్న గొంతుతో, "నాది లెవెన్ కేవీ," అన్నాడు.

"దేనికి?"

"పిల్లను ఎత్తుకున్నప్పుడే కొడితే? నాలకెల్లి కరెంటు దానిలకు పోతే?"

ఆ మాట కోసమే తాండా అంతా వారం రోజులుగా వచ్చి పోయింది. మేమంతా ధైర్యం పట్టుకొచ్చాం, అందుకే ఆ మాట మాకు దొరకలేదు.

"నాదీ గదే భయం," అన్నాడు జిలానీ భాయి. "నీకన్న ఒక మెట్టు ఎక్కువ. మా మనుమరాలును ఇప్పటిదాంక ముట్టుకోలే."

ఇది పచ్చి అబద్ధం. మనవరాలిని భుజాల మీద ఎక్కించుకుని కిరాణా కొట్టుకు పోవడం నేను కళ్లారా చూశాను. నోరు తెరవబోయాను. ఆయన నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మనసుల గింత భయం పెట్టుకొని ఒక్కొక్కలం ఉండుడేంది హర్యా? ఇద్దరం కలిసి భయపడదాం. ముందు నేను భయపడ్త. నువ్వు చూడు," అని గుమ్మంలో ఉన్న పిల్లను పిలిచాడు. "రా బిడ్డా మాలతీ. ఈ తాతకు మస్తు భయమైతుంది. ఒళ్లో కూసుంటవా?"

పిల్లకు మూడేళ్లుంటాయేమో. వచ్చి కూర్చుంది. కూర్చోగానే జిలానీ భాయి కళ్లు తేలేసి, "యా అల్లా! కొట్టింది!" అని కేక పెట్టాడు. పిల్ల ముందు బిత్తరపోయి, తర్వాత పకపక నవ్వింది.

"ఇంకోపారి," అంది.

ఇంకోసారి కొట్టింది. ఈసారి ఆయన మంచం మీద పక్కకు ఒరిగి, గిలగిల కొట్టుకుని లేచాడు. ఇరుగుపొరుగు పిల్లలు మూగారు.

"ఇంకోపారి తాతా!"

మూడోసారి కేక రాలేదు. ఏదో దెబ్బ తగిలినట్టు ఒళ్లంతా ఎగిరిపడింది, వీపు వెళ్లి గోడకు కొట్టుకుంది, చెంబు దొర్లి నీళ్లన్నీ పోయాయి. రెండు చేతులూ మాత్రం పిల్లను వదల్లేదు. ఆ తర్వాత, కాస్త ఆలస్యంగా, "కొట్టింది," అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"గిలి పెట్టిండు," అంది మాలతి తొడ రుద్దుకుంటూ.

"ఏమన్న అయిందా బిడ్డా?"

"ఇంకోపారి!"

"నాతోని అయితలేదు. ఇగ మీ బాపు చేస్తడు," అని పిల్లను లేపి హర్యా వైపు పంపాడు. హర్యా చేతులు గాల్లో ఆగాయి. పిల్ల ఆగలేదు. ఎక్కి కూర్చుంది. హర్యా కేకా పెట్టలేదు, గిలగిలా కొట్టుకోలేదు, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. బాపుకు ఈ ఆట సరిగా రాదని పిల్లకు కోపం వచ్చింది. దుర్గి లోపలికి వెళ్లిపోయింది. రొట్టె మాడిన వాసన వస్తోంది.

తిరుగు ప్రయాణంలో జిలానీ భాయి ఆటో రాడ్డును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆటో నడిపే మైసన్న ఎప్పుడూ ఆయన్ను కదిలించి నవ్వే మనిషి. వాడు కూడా అద్దంలో ఆయన్ను చూస్తూ నడిపాడు.

"బేటీ, డాక్టరుకు ఫోన్ కొడ్తవా?"

"ఎందుకు చాచా?"

"మూడోది ఉత్తది కాదు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"నిజంగనే కొట్టింది బేటీ. పిల్లకేం కాలే. గిలి పెట్టిండు అన్నది, ఇన్నవు గద?"

ఫోను చేతిలోకి తీసుకున్నాను. అంతలోనే నోరు ఊరుకోక అడిగేశాను: "భయమేసిందా? ఎంత?"

ముందు నుంచి మైసన్న అందుకున్నాడు. "ఇంటుంటేనే నాకు టవర్ లైనైతుంది భాయ్!"

"అయితే నాది..." అని మొదలుపెట్టి జిలానీ భాయి ఆగిపోయాడు. బయటికి చూశాడు. కాసేపటికి మైసన్న భుజం తట్టి, "నువ్వు రోడ్డు చూసి నడుపు," అన్నాడు.

మర్నాడు హైదరాబాదులో చూసి, డబ్బీ సరైన సమయానికే కొట్టిందని చెప్పి మందులు మార్చారు. సోమవారం హర్యా పట్నం పోలేదు. దురద తగ్గిందన్నాడు. మూడో షాక్ సంగతి హర్యాకు చెబుదాం, పిల్లకు ఏమీ కాదనడానికి రుజువు దొరికింది కదా అన్నాను.

"ఇప్పుడే వద్దు," అన్నాడు జిలానీ భాయి. "రుజువు పెడితే మళ్ల ఆలోచిస్తడు. ముందుగాల ఎత్తుకునుడు అలవాటు కానీ."

అలవాటయ్యాక నేనే చెప్పాను. హర్యా పిల్లను చంకలో మార్చుకుని, "మూడోదే జర ఎక్కువ చేసిండు అనుకున్న మేడం," అన్నాడు.

జిలానీ భాయిని తీసుకుపోయింది గుండె కాదు, న్యుమోనియా. డబ్బీ చివరి దాకా తన పని తాను చేసింది. సంతాప సభలో యూనియన్ నాయకుడు మైకు పట్టుకుని, మృత్యువుకు ఏనాడూ వెరవని ధీరుడు అన్నాడు. పర్శరాములు నా చెవి దగ్గరికి వంగి, "గీ మాట ఇంటే లేసొచ్చి కొట్లాడుతుండె," అన్నాడు. ఇద్దరం తల వంచుకుని నవ్వాం. చుట్టూ ఉన్నవాళ్లు ఏడుస్తున్నామనుకుని మా ఇద్దరికీ ధైర్యం చెప్పారు.

అన్ని ఇళ్లు తిరిగి అందరి భయాలూ కొలిచాను. ఆయన అసలు భయం ఎంతో మాత్రం తెలుసుకోలేకపోయాను. అది నాకు ఇప్పటికీ పోని వెలితి. తర్వాత ఒకనాడు నజ్మా చాచీని అడిగాను.

"నాకేం తెలుసు బేటీ?" అంది. "నేనడిగితే, ముందుగాల నీదెంతో చెప్పు అంటుండె. నేనెంత చెప్తే దానికొక మెట్టు ఎక్కువ పెట్టుకుంటడాయె. ఆయనకు ఎక్కువ కావద్దని నేనెప్పుడు టార్చి సెల్లే అన్న."

"అసలు మీదెంత చాచీ?"

ఆమె నవ్వింది. "ఇప్పుడు చెప్పేం ఫాయిదా? మీదికి పెంచేటోడే లేకపాయె."

పరిశోధన అచ్చయింది. అందులో జిలానీ భాయి లేడు, హర్యా లేడు. అన్ని ప్రశ్నలకూ ఒకే జవాబున్న ఫారాలు నమ్మదగ్గవి కావని లెక్కలు చూసేవాళ్లు రెండిటినీ తీసి పక్కన పెట్టారు. వాళ్ల పద్ధతి ప్రకారం అది సరైన పనే. జవాబులిచ్చిన ఒక్కొక్కరికి ఐదు వందల రూపాయలు ఇస్తామన్నారు గానీ, లెక్కకు వచ్చిన ఫారాలకే మంజూరైంది. హర్యాకు ఐదు వందలు, జిలానీ భాయి తరఫున నజ్మా చాచీకి ఐదు వందలు ఆ ఆసుపత్రి నుంచి ఇంకా రావాలి.